కెరటం వింటుందని

మా ఊళ్లో బోటు తిరగబడితే ఆ సంగతి ఒడ్డు మీద ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే కెరటం వింటుందని, విన్న కెరటం మళ్లీ అదే పని చేస్తుందని పెద్దవాళ్ల నమ్మకం. తిరగబడ్డ బోటును ఒడ్డుకు లాగి, పసుపునీళ్లతో కడిగి, గంగమ్మ తల్లికి కోడిని ఇచ్చి, తెలిసీ తెలియక చేసిన తప్పు కాయమని దండం పెట్టుకుంటారు. రెండు రోజులాగి మళ్లీ వేటకు పోతారు. ఆ తప్పు ఏమిటో తల్లినీ అడగరు, ఒకరినొకరూ అడగరు. ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ నేనూ అలాగే చూశాను, అలాగే దండం పెట్టాను.

మాది అక్కుపల్లికి దగ్గరలో, జీడితోటలు దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం అన్నట్టుండే చిన్న ఊరు. మా ఆయన చిన్నారావు తండేలు. బోటును నడిపేవాడిని మేము తండేలు అంటాం. నీళ్ల మీద ఆయన మాటే మాట. మా మామగారు కూడా తండేలే. కానీ ఆయన నడిపింది తెప్ప. దుంగలు తాళ్లతో బిగించి కట్టి, తెడ్లు వేసుకుంటూ పోయేది. పెద్ద తుపానుకు తెప్పలు కొట్టుకుపోయిన తర్వాత, కొన్నేళ్లకు మా వైపు ఇంజన్ల ఫైబరు బోట్లు వచ్చాయి. ఒడ్డు దగ్గర కాలికి నేల అందగానే మగవాళ్లు దూకి బోటును పట్టి లాగుతారు, తండేలు వెనక ఉండే ఇంజనును నీళ్లలోంచి పైకి ఎత్తేస్తాడు. మా ఆడపడుచు భర్త పోలారావు అన్నయ్య, మా ఆయనకు వరసకు బావమరిది అయ్యే సూర్యం, మేము, మూడిళ్ల వాళ్లం కలిసి ఒక బోటు తీసుకున్నాం. పోలారావు అన్నయ్య కొడుకు సుమన్‌తో కలిపి నలుగురు వేటకు వెళ్లేవారు.

ఆ బోటు రెండేళ్లలో మూడుసార్లు తిరగబడింది. మూడుసార్లూ నడిసముద్రంలో కాదు, ఒడ్డుకు వస్తూ, కెరటాలు విరిగే చోట, మేం గంపలు పట్టుకుని చూస్తూ ఉండగానే. మొదటిసారి వల పోయింది. రెండోసారి ఇంజనులో ఉప్పునీరు చేరింది. మూడోసారి సుమన్ బోటు కింద పడ్డాడు. బయటికి లాగేసరికి కుడి భుజం పక్కకు వేలాడుతోంది. టెక్కలి తీసుకుపోయి కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంటుంది గానీ వల లాగే చెయ్యి ఇంతకు ముందులా ఉంటుందో ఉండదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

మర్నాడు సాయంత్రం సూర్యం, పోలారావు అన్నయ్య మా అరుగు మీదికి వచ్చారు. నేను టీ ఇచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

"నానేటీ సెడ్డగా సెప్పట్లేదు బావా," అన్నాడు సూర్యం. "గుజరాత్ వీరావళిలో అన్నేళ్లు పెద్ద బోట్ల మీద సేసినాను. ఇంజను సంగతి నాకు తెలుసు. నీది తెడ్డుకి అలవాటు పడిపోయిన సెయ్యి. కొన్నాళ్లు నాకు ఒగ్గేయ్."

మా ఆయన పోలారావు అన్నయ్య వైపు చూశాడు. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"నాకేసి సూడకు సిన్నారావా. నా కొడుకు సెయ్యి సూడు. తల్లికి నీ సెయ్యి గిట్టట్లేదు. ఇంకేటనుకోమంటావు?"

ఆదివారం తల్లికి మొక్కు తీర్చాలని, ఆ రోజే తండేలు మారాలని వాళ్లిద్దరే అనుకుని లేచిపోయారు. టీ గ్లాసులు అలాగే ఉన్నాయి.

చేపల మీద బతికే ఇంట్లో తండేలుతనం పోవడమంటే పని పోవడం మాత్రమే కాదు. పెళ్లిలో పిలుపు మారిపోతుంది, పంచాయితీలో కూర్చునే చోటు మారిపోతుంది. కానీ మా ఆయన బాధ అది కూడా కాదు. ఆయన తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"మావా, ఏటి అలా కూకున్నావు?" అన్నాను.

"తల్లి వద్దంటే ఇంకేటున్నాది గౌరీ."

"తల్లి వద్దన్నాదని నీకెవులు సెప్పేరు?"

"సెప్పాలేటి? మూడుసార్లు సూపించింది."

"సూపించిందంటే సూడమనే గదా. మనం కల్లు మూసుకుని దండమెట్టేసి వచ్చేత్తన్నాం."

ఆయన చటుక్కున తలెత్తాడు. "నోరు ముయ్యే. గాలి ఒడ్డుకేసి కొడతన్నాది. కెరటం ఇంటాది."

నేను నోరు మూసుకున్నాను. కానీ మనసు మూసుకోలేదు. నేను ఏడో తరగతి వరకు చదివాను. శాస్త్రాలు తెలియవు. రోజూ దీపం పెట్టుకుంటాను, గంగమ్మ తల్లి లేనిదే మా పొయ్యి వెలగదని నమ్ముతాను. నమ్ముతాను గనకే ఆ ప్రశ్న వచ్చింది. ఏ తల్లి అయినా పిల్లను కొట్టి, ఎందుకు కొట్టిందో చెప్పకుండా ఊరుకుంటుందా?

ఇలా అడగడం నాకు అంతకు ముందు ఏడాది నుంచి అలవాటైంది. మా ఆడవాళ్ల పొదుపు సంఘాన్ని టెక్కలిలో మూడు రోజుల ట్రైనింగుకు పిలిచారు. పెద్ద హాలు, ఫ్యాన్లు, మధ్యాహ్నం భోజనం. కమల మేడం అని ఒకావిడ చెప్పేది. మొదటి రోజు ఆవిడ చెప్పింది మాకు సగం అర్థం కాలేదు. రెండో రోజు, "ఈ మధ్య మీ సంఘంలో చెడిపోయిన పని ఒకటి చెప్పండి," అంది. ఎండబెట్టిన చేపల మీద వాన పడి అన్నీ పురుగు పట్టిపోయిన సంగతి చెప్పాం. చెప్పీ చెప్పగానే పోట్లాట మొదలైంది. కాపలా నీదంటే నీదని.

కమల మేడం చెయ్యి ఎత్తింది. "ఎవరు చెడగొట్టారో నాకు వద్దు. ఆ రోజు నా చేతులతో నేనేం చేశాను అన్నది మాత్రం ఒక్కొక్కరూ చెప్పండి. పక్కవాళ్ల ఊసు ఎత్తకూడదు."

మా పక్కింటి అమ్ములు లేచి, "నా సేతుల్తో నానేటీ సెయ్యనేదు మేడమ్మా. కునుకు తీసినాను," అంది. హాలంతా నవ్వింది. మేడం కూడా నవ్వి, "మంచిది, ఎందుకు కునుకు పట్టింది?" అని అడిగింది. తెల్లారకముందే బస్సెక్కి పలాసలో చేపలు అమ్మి, తిరిగొచ్చి కాపలా కూర్చుంది గనక. ఆ రోజు పలాస పోనివాళ్లు ఇళ్లలో ఖాళీగా ఉన్నారు గానీ, ఆ వారం వంతు అమ్ములుదే గదా అని ఊరుకున్నారు. వంతులు వేసింది మేమే. ఆ వంతులో తప్పుందని మాలో ఏ ఒక్కరికీ తెలియదు. అందరం చెప్పుకున్న తర్వాత అది ఎదురుగా ఉంది. బస్సుకు వెళ్లినవాళ్లు కాపలా కూర్చోకూడదని అప్పుడే మార్చుకున్నాం.

మేడం మాటల్లో నాకు మిగిలింది అదొక్కటే. పదిమంది కలిసి చేసే పనిలో ఏం జరిగిందో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదని.

మరి బోటు కూడా నలుగురు కలిసి చేసే పనే కదా? కానీ అక్కడ ఈ మాట అనేది ఎలా? ఒడ్డు మీద అనకూడదు. ఇంట్లో అంటే నోరు ముయ్యమన్నారు. ఇక నాకు మిగిలింది తల్లి గుడి.

మా ఊరి గంగమ్మ తల్లి గుడిని నూకాలమ్మ అత్త చూసుకుంటుంది. మొగుడినీ, ఒక కొడుకునూ సముద్రానికి ఇచ్చిన మనిషి. ఊళ్లో మగవాళ్లు ఆవిడ మాటకు ఎదురు చెప్పరు. నేను వెళ్లేసరికి గడప కడుగుతోంది.

"అత్తా, ఒక మాట అడగనా? తప్పు కాయమని దండమెడతాం గదా. ఏ తప్పో సెప్పకుండా కాయమంటే తల్లి దేన్ని కాత్తాది?"

"తల్లికి తెల్దేటే?"

"తల్లికి తెలుసు. మనకి తెల్దు గదత్తా."

ఆవిడ నోట్లోంచి అడ్డచుట్ట తీసి పక్కన పెట్టింది. చాలాసేపు గడప మీద నీళ్లు ఎలా ఆరుతున్నాయో చూస్తూ కూర్చుంది.

"నా కొడుకు పోయినప్పుడు నానూ అడుగుదామనుకున్నాను," అంది చివరికి. "ఏటైందిరా అని. ఎవులూ మాటాడనేదు. కెరటం ఇంటాదని నానూ ఊరుకున్నాను."

నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను.

"ఒడ్డు మీద మాటాడితే కెరటం ఇంటాది," అంది మళ్లీ తనే. "గుడి లోపల తల్లికి సెప్పుకుంటే దానికేటి పని? గానీ ఎవుడి సంగతి ఆడే సెప్పుకోవాల. ఇంకొకడి పేరు ఎత్తినోడిని గడప దింపేత్తాను."

టెక్కలి హాలులో కమల మేడం చెప్పినదే ఈవిడా చెబుతోందని నాకు ఆశ్చర్యం వేసింది. ఒకరినొకరు చూసి ఎరగరు.

ఆదివారం నలుగురూ తలస్నానాలు చేసి వచ్చారు. సుమన్ చెయ్యి మెడకు కట్టి ఉంది. ఆడవాళ్లం వెనక నిలబడ్డాం. హారతి అయిన తర్వాత నూకాలమ్మ అత్త వాళ్లను లేవనివ్వలేదు.

"ఆ రోజు ఒడ్డుకొచ్చేటప్పుడు ఎవుడేటి సేసినాడో తల్లికి సెప్పుకోండి. ఆడి కాలూ సెయ్యీ ఏటి సేసినాదో అదే సెప్పాల."

"ఇదేటత్తా కొత్తగా?" అన్నాడు సూర్యం.

"బోటు కొత్తది కాదేటిరా? దండం కూడా కొత్తదే. సిన్నోడివి నువ్వు ముందు సెప్పరా సుమనా."

సుమన్ సిగ్గుపడుతూ తల్లి విగ్రహం వైపు చూశాడు. "నాన్న దూకితే... కాదు. నాను దూకినాను తల్లీ. కాలికి నేల అందనేదు. బోటు అంచు అట్టుకుని ఏలాడినాను."

"నానూ దూకినాను," అన్నాడు సూర్యం. "సుమను దూకిన..." నూకాలమ్మ అత్త గుర్రుగా చూసింది. "సరే. దూకినాను. ఎడమ పక్కకే దూకినాను. ఆ పక్కే బరువెక్కువైపోనాది."

పోలారావు అన్నయ్య వంతు వచ్చింది. ఆయనకు తల్లి ముందు మాట్లాడడం అలవాటు లేదు.

"ఇంజను నెమ్మదించినాది తల్లీ. దూకినాను."

మా ఆయన తల తిప్పి ఆయన వైపు చూశాడు.

"తల్లికేసి సూడు," అంది నూకాలమ్మ అత్త మా ఆయనతో. "నీ సంగతి సెప్పు."

"ఎనకాల పెద్ద కెరటం వత్తన్నాది తల్లీ. అది ముందుకి పోనిద్దామని ఇంజను తగ్గించినాను. ఇంతలో దూకిన సప్పుడు ఇనపడ్డాది. నేల అందినాదనుకున్నాను. ఇసకలో తగిలితే ఇంజను కింద ఫ్యాను ఇరిగిపోద్దని ఇంజను పైకెత్తేసినాను. అప్పుడు కెరటం..." ఆయన ఆగిపోయాడు. "ఇంజను నీల్లలోనే ఉండుంటే బోటుని తిన్నగా పెట్టుందును తల్లీ."

పోలారావు అన్నయ్య మా ఆయన వైపు తిరిగాడు. నెమ్మదిగా అడిగాడు. ఈసారి నూకాలమ్మ అత్త అడ్డు చెప్పలేదు.

"నువ్వు తగ్గించినాది కెరటం కోసమా?"

"మరెందుకు బావా?"

"దూకమని కాదా?"

"దూకమని నానెప్పుడన్నాను?"

"నువ్వననేదు." పోలారావు అన్నయ్య తన పాదాల వైపు చూసుకున్నాడు. "ఎవులూ అననేదు. తెప్ప మీద మావ తెడ్డు నీల్లలోంచి పైకెత్తితే దూకేవోల్లం. తెడ్డు సప్పుడు ఆగితే నేల అందినట్టే. ఇంజను సప్పుడు తగ్గితే... నా కాలు దానంతటదే లేసిపోనాది."

అప్పుడు అందరికీ ఒక్కసారే తెలిసింది. ఇంజను తగ్గితే ఆయన దూకాడు. ఆయన దూకితే మిగతావాళ్లు దూకారు. వాళ్లు దూకితే నేల అందిందని మా ఆయన ఇంజను ఎత్తేశాడు. నేల మాత్రం ఎవరికీ అందలేదు. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో కెరటం కోసం ఇంజను తగ్గించే పనే లేదు గనక ఏమీ జరగలేదు. పెద్ద కెరటాలున్న రోజునే, జాగ్రత్త పడిన రోజునే, బోటు తిరగబడింది. మూడుసార్లూ నలుగురూ ఎవరి పని వారు సరిగ్గానే చేశారు.

పోలారావు అన్నయ్య సుమన్ కట్టు మీద చెయ్యి వేశాడు.

"నా కాలే నిన్ను ముంచేసినాదిరా నాయనా."

"నా పేరు ఎత్తకు నాన్నా," అన్నాడు సుమన్. "అత్త గడప దింపేత్తాది."

ఆడవాళ్లం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాం. నవ్వో ఏడుపో అందరికీ వచ్చింది. నూకాలమ్మ అత్త మాత్రం తల్లి విగ్రహం వైపు తిరిగి, మాకు వీపు కనిపించేలా నిలబడింది. ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను. తన కొడుకు ఉన్న తెప్ప మీద ఎవరి కాలు లేచిందో, ఎవరి చెయ్యి ఆగిందో ఆవిడకు ఇక ఎవరు చెబుతారు?

సూర్యం తల గోక్కున్నాడు. "వీరావళిలో దూకే పనే నేదు బావా. హార్బరుకొచ్చి కట్టేత్తాం. నాను తండేలైతే నానూ ఇంజను తగ్గిద్దును. ఈ ముసలోడు అప్పుడూ దూకేవోడే."

"ముసలోడెవుడురా?" అన్నాడు పోలారావు అన్నయ్య.

తండేలు మారే మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. అలాగని తేలిపోలేదు కూడా. "ముందు ఒక పెద్ద కెరటం దాటించు, సూద్దాం," అని పోలారావు అన్నయ్య అన్నాడు. దూకడానికి గుర్తు ఏం పెట్టుకోవాలో గుడి మెట్ల మీద కూర్చుని వాదించుకున్నారు. కేక వేస్తానంటే హోరులో వినబడదన్నారు. చెయ్యి ఊపుతానంటే, బోటు ముక్కు దగ్గర ఉన్నవాడు ముందుకు చూస్తాడు గానీ వెనక్కి చూడడన్నారు. చివరికి మా ఆయన ఇంటికి వచ్చి, చూరులో దోపిన మా మామగారి తెడ్డు తీశాడు. దానితో బోటు అడుగున గట్టిగా కొడితే ఆ దెబ్బ అందరి పాదాలకూ తెలుస్తుంది. చెవికి వినబడినా వినబడకపోయినా కాలికి తెలుస్తుంది. ఒడ్డు మీదనే బోటులో కూర్చుని కొట్టి చూసుకున్నారు. దెబ్బ పడితేనే దూకాలి, ఇంజను ఎత్తడం ఆ తర్వాతే.

సుమన్ బదులు సూర్యం వాళ్ల తమ్ముడిని ఎక్కించుకుని నాలుగు రోజులు వెళ్లారు. సముద్రం నెమ్మదిగానే ఉంది. ఐదో రోజు పొద్దున్నే తూర్పు గాలి లేచింది. నేను ఒడ్డుకు వచ్చేసరికి కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. సుమన్ నా పక్కన నిలబడ్డాడు. మా నీలం బోటు దూరంగా ఆగి ఉంది, సందు కోసం చూస్తూ.

ఆ తర్వాత కదిలింది. సగం దూరం వచ్చింది. వెనక పెద్ద కెరటం లేవడం మాకు కనబడింది. ఇంజను చప్పుడు తగ్గింది.

పోలారావు అన్నయ్య లేచాడు.

"నాన్నా!" అన్నాడు సుమన్ నా పక్కనే, ఆయనకు వినబడదని తెలిసీ. నేను తల్లిని తలుచుకోవడం కూడా మరిచిపోయాను. పోలారావు అన్నయ్య ఒక కాలు అంచు మీద పెట్టాడు. పెట్టి, అలాగే ఉండిపోయాడు. తర్వాత ఆ కాలు వెనక్కి తీసుకుని, రెండు చేతులతో బోటు ముక్కును కావలించుకున్నట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు. కెరటం బోటును ఎత్తి, కింద నుంచి దాటి, ముందుకు వచ్చి మా కాళ్ల దగ్గర విరిగింది. ఇంజను మళ్లీ గట్టిగా మోగింది. బోటు దాని వెనకే తిన్నగా వచ్చింది. మా ఆయన తెడ్డు ఎత్తి కొట్టడం చూశాను. ముగ్గురూ దూకారు. నీళ్లు వాళ్ల నడుములకే ఉన్నాయి.

తండేలు ఎవరన్న మాట ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు మాకు వచ్చిన ఇబ్బంది ఒక్కటే. వేట నుంచి రాగానే చేపలు గంపలకు ఎత్తాల్సిన మనుషులు, తడిబట్టలతోనే గుడికి పోతున్నారు. ఆ రోజు ఎవరి కాలూ చెయ్యీ ఏం చేసిందో తల్లికి చెప్పుకోవడానికి. ఇంకో రెండు బోట్ల వాళ్లు కూడా మొదలుపెట్టారు. మిగతావాళ్లు ఇదేం చోద్యమని నవ్వుతున్నారు. వాళ్ల నమ్మకం వాళ్లది. తల్లి మా తప్పు కాసిందా, లేక మా తప్పు మాకు చూపించిందా అని నేను దీపం పెట్టేటప్పుడు అనుకుంటూ ఉంటాను. రెండూ ఒకటేనేమో, తెలియదు.

నిన్న కూడా అంతే. పలాస బస్సు తోట మలుపు దగ్గరికి వచ్చి హారన్ కొడుతోంది. అమ్ములు ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని గుడి వైపు చూసి అరిచింది.

"ఓలప్పా గౌరప్పా! మీ మొగోల్ల దండాలు అయ్యేసరికి ఈ సేపలు ఎండుసేపలైపోతాయి. పిలువ్!"

పిలుద్దామనే వెళ్లాను. గడప దగ్గర ఆగాను. లోపల పోలారావు అన్నయ్య గొంతు వినిపిస్తోంది.

"ఇయ్యాల కూడా కాలు లేసినాది తల్లీ. దింపుకున్నాను."

బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది. నేను పిలవలేదు.